ఓటమిని తిరిగి చూసుకున్న ఆటగాళ్లు

చదరంగంలో వలె వంతు కోసం ఆగకుండా, ప్రత్యర్థులిద్దరూ ఏకకాలంలో వనరులు సేకరిస్తూ, భవనాలు కడుతూ, సేనలు నడిపే కంప్యూటర్ క్రీడను రియల్ టైమ్ స్ట్రాటజీ అంటారు. కాలక్షేపానికి ఆడేవాడు ఇందులో నిపుణుడయ్యే క్రమం ఒక వృత్తివిద్యగా స్థిరపడినది దక్షిణ కొరియాలో. అమెరికన్ సంస్థ బ్లిజార్డ్ 1998లో విడుదల చేసిన స్టార్‌క్రాఫ్ట్, ఆర్థిక సంక్షోభం వెన్నంటి ఆ దేశంలో వీధివీధినా వెలసిన పీసీ బాంగ్‌లలో, అనగా గంటల లెక్కన రుసుము తీసుకొని కంప్యూటర్లు వాడుకోనిచ్చే గదులలో, త్వరితంగా వ్యాపించింది.

ఆట నలుగురు పనివాళ్లతో, 50 ఖనిజాలతో మొదలవుతుంది. ఎంతమంది పనివాళ్లు సమకూరాక ఏ భవనం కట్టాలన్న క్రమానికి బిల్డ్ ఆర్డర్ అని పేరు. తొలినాళ్లలో ఇది ఇతరుల వెనుక నిలబడి చూసో, టెలివిజన్ పోటీలను గమనించో పట్టుకోవలసిన రహస్యం. 2001లో వచ్చిన ఒక సవరణ, ముగిసిన ఆటను భద్రపరచి మళ్లీ నడిపించే రీప్లే సౌకర్యాన్ని చేర్చడంతో పరిస్థితి తలకిందులైంది. గెలిచినవాడి క్రమం అందరికీ తెలిసిపోవడం దీని ఫలితాలలో చిన్నది. ఓడినవాడు తన ఖనిజాలు ఏ నిమిషం నుంచి ఖర్చుకాకుండా పేరుకుపోయాయో, ప్రత్యర్థి ఎత్తుగడ ఏ క్షణంలో తన కంటపడవలసి ఉండెనో స్వయంగా చూసుకోగలగడమే పెద్దది.

నిమిషానికి ఎన్ని ఆజ్ఞలు ఇస్తున్నారన్న కొలతకు, అనగా ఏపీఎంకు, ప్రేక్షకులు ఇచ్చిన ప్రాధాన్యం కొంత అతిశయమే అయినా, నిరాధారం కాదు. ఒకసారి పన్నెండు యూనిట్లకు మించి ఎంచుకునే వీలు ఆ ఆటలో లేదు. భవనాలనైతే ఒక్కొక్కటిగానే ఎంచుకోవాలి. అందువల్ల పది కర్మాగారాల నుంచి సైన్యాన్ని రప్పించడం బుద్ధికెంత పనో వేళ్లకూ అంత పని. యుద్ధరంగంలో యూనిట్లను సూక్ష్మంగా నడపడాన్ని మైక్రో అనీ, వెనుక ఉత్పత్తిని ఆగనీయకుండా సాగించడాన్ని మాక్రో అనీ విభజించినది ఈ ఒత్తిడే. 2001లో ఓంగేమ్‌నెట్ స్టార్‌లీగ్ అనే టెలివిజన్ పోటీని రెండుసార్లు గెలిచిన లిమ్ యో-హ్వాన్ మొదటి విద్యకు ప్రతీక. అతడే చేరదీసిన చోయ్ యోన్-సంగ్ రెండవదానిని పరాకాష్ఠకు చేర్చి, అదే పోటీ 2004 నవంబరు ఫైనల్‌లో గురువును 3-2 తేడాతో ఓడించాడు. నేర్పు కన్నా నిలకడ లోతైన విద్య అని ఆ ఒక్క ఫైనల్‌తో తేలిందనడం తొందరపాటే గాని, తరువాతి తరం అభ్యాసం మాత్రం అటే మొగ్గింది.

ఆ అభ్యాసానికి నెలవు జట్ల వసతిగృహం. ఎస్‌కే టెలికాం వంటి సంస్థలు పోషించిన జట్లలో ఆటగాళ్లు కలిసి నివసిస్తూ, రోజుకు పది గంటలకు పైగా ఆడేవారు. రాబోయే పోటీకి నిర్ణయించిన మైదానంపైనే, రాబోయే ప్రత్యర్థి ధోరణిని అనుకరించే సహచరుడితో ఆ ఘట్టాన్నే మళ్లీమళ్లీ ఆడేవారు. తెరపై ఒంటరి ప్రతిభగా కనిపించిన విజయాలలో పేరులేని ఈ సహచరుల వాటా తక్కువది కాదు.

2010లో విడుదలైన స్టార్‌క్రాఫ్ట్ 2 అనేక భవనాలను ఒకేసారి ఎంచుకోనివ్వడంతో, ఏళ్ల తరబడి వేళ్లకు పట్టించిన విద్యలో కొంత అక్కరకు రాకుండా పోయింది. అయినా కొరియా జట్లు పాత ఆటను వెంటనే విడువలేదు. వాటి మధ్య సాగిన ప్రోలీగ్ పోటీ కొత్త ఆటకు మారడం మొదలైనది 2012లోనే.