పాలమూరుకు ఉపగ్రహం వచ్చిన ఏడాది

ఒకప్పుడు అమరచింత సంస్థానానికి రాజధానిగా ఉన్న ఆత్మకూరు, 1970ల నాటికి పాలమూరు అని కూడా పిలిచే మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక తాలూకా. కృష్ణా నది పక్కనే పారుతున్నా, జూరాల ఆనకట్ట రాకముందు ఇక్కడి సేద్యం చాలావరకు వాననూ చెరువులనూ బావులనూ నమ్ముకున్నదే. హైదరాబాదు నగరానికే ఇంకా దూరదర్శన్ కేంద్రం లేని రోజుల్లో, 1975 ఆగస్టు 1న, ఈ జిల్లా పల్లెలకు టెలివిజన్ ఆకాశం నుంచి నేరుగా దిగింది. ‘సైట్’ అని పిలిచిన ఈ ఉపగ్రహ బోధన ప్రయోగం, శాస్త్రజ్ఞానం సామాన్యుడికి చేరాలంటే శాస్త్రవేత్త ఎవరితో కలిసి కూర్చోవాలన్న ప్రశ్నను తెలుగు నేలపై పెద్ద ఎత్తున పరీక్షించింది.

అంతరిక్ష శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్ చొరవతో 1969లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో ఒప్పందం కుదరగా, ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని ఒక ఏడాది పాటు భారతదేశం వాడుకుంది. ఆరు రాష్ట్రాల్లో 2,400 గ్రామాలను ఎంచుకున్నారు. ఆంధ్రప్రదేశ్ వాటాలో మహబూబ్‌నగర్, కర్నూలు, మెదక్, హైదరాబాదు జిల్లాల పల్లెలు వచ్చాయి. సంకేతాలను పట్టే గొడుగు ఆకారపు యాంటెన్నాను కోళ్లగూడుకు వాడే తీగవలతో సుమారు పది అడుగుల వెడల్పున కట్టారు. దానికి తగిలించే టెలివిజన్ పెట్టెలను హైదరాబాదులోని ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ తయారుచేసింది.

యంత్రం సిద్ధమైనంత మాత్రాన మాట సిద్ధం కాదు. రోజుకు సుమారు నాలుగు గంటల ప్రసారంలో పొద్దున బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ వంటి విషయాలు వచ్చేవి. ఎక్కువ కార్యక్రమాలను ఆకాశవాణికి చెందిన నిర్మాతలు హైదరాబాదు, ఢిల్లీ, కటక్ కేంద్రాల్లో తీయగా, పిల్లల విజ్ఞాన పాఠాల్లో కొన్నింటిని ఇస్రో బొంబాయి స్టూడియోలో శాస్త్రవేత్తలే దగ్గరుండి రూపొందించారు. ఈ రెండు వర్గాలకూ స్వభావరీత్యానే పొత్తు కుదరదు. శాస్త్రవేత్త తాను చెప్పే ప్రతి మాటకూ ఒక షరతు జోడిస్తాడు, నిర్మాత ఆ షరతులను తీసేస్తేనే మాట చెవికెక్కుతుందంటాడు. పాలమూరులో చల్క నేలా ఉంది, రేగడీ ఉంది; ఎరువు మోతాదు రెండింటికీ ఒకటేనని చెబితే వినడానికి సులువే గానీ రైతు నష్టపోతాడు, రెండింటి లెక్కలూ పూర్తిగా అప్పజెబితే ఎవరూ కూర్చొని వినరు. ఏ షరతు ఉంచాలో ఏది వదలాలో ఆ ఇద్దరూ ముందే వాదించుకొని తేల్చుకోవలసిందే, ప్రసారమయ్యాక దిద్దుకోవడం కుదరదు.

సైట్ గొప్పతనం మూడో వర్గాన్ని కూడా ఇందులోకి తేవడంలో ఉంది. ఇస్రో నియమించిన సామాజిక శాస్త్రవేత్తలు ప్రసారాలకు ముందే పల్లెల అవసరాలను అధ్యయనం చేశారు, ప్రసారాలు నడుస్తుండగా కొందరు గ్రామాల్లోనే నివసించి చూసేవారి స్పందనను నమోదు చేశారు. ఇంజనీర్ల సంస్థ ఇంత పని నెత్తిన వేసుకోవడం ఆనాటికి అరుదైన విషయం, నేటికీ అరుదే. ఫలితాలను కూడా దాచలేదు: ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ విషయాల్లో, ముఖ్యంగా స్త్రీలలో, అవగాహన పెరిగినట్లు తేలగా, వ్యవసాయంలో ఆశించినంత మార్పు కనిపించలేదు. దేశమంతటికీ సరిపోయేలా చెప్పిన సలహా ఒక్కో ఊరి నేలకూ అతకకపోవడం, విత్తనం, నీరు, అప్పు వంటివి టెలివిజన్ ఇవ్వలేకపోవడం ఇందుకు కారణాలుగా భావించవచ్చు.

1976 జులై 31న ప్రసారం ఆగింది, ఆ తర్వాత ఉపగ్రహాన్ని నాసా తిరిగి అమెరికా వైపుకు జరిపింది. మరుసటి ఏడాది హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం మొదలైంది. 2016లో వనపర్తి జిల్లాలో చేరిన ఆత్మకూరు చుట్టూ నేడు జూరాల నీరుంది, అక్కడివారి చేతిలో ఫోనుంది. అయినా సైట్ నేర్పిన పాఠం మారలేదు: హైదరాబాదు పరిశోధన సంస్థలు తమ ఫలితాలను ప్రకటించే రోజున కాక, పరిశోధన మొదలుపెట్టే రోజునే తెలుగులో రాయగలవారిని పక్కన కూర్చోబెట్టుకోవాలి, రాసినదాన్ని పత్రికలకు పంపేముందు ఇటువంటి ఊళ్లలో ఒకసారి చదివి వినిపించాలి.