పది సెకన్ల నియమ ప్రతిపాదన (అమెరికా కళాశాల ఫుట్‌బాల్)

పది సెకన్ల నియమ ప్రతిపాదన అనునది అమెరికా సంయుక్త రాష్ట్రాల కళాశాల ఫుట్‌బాల్ క్రీడలో, అతివేగంగా ఆడే జట్లను కొంత నిదానింపజేయుటకు 2014 ఫిబ్రవరిలో చేయబడిన ప్రతిపాదన. దీని ప్రకారం ఒక ప్రయత్నం ముగిసి గడియారం మొదలైన తరువాత మొదటి 10 సెకన్ల పాటు బంతిని తిరిగి ఆటలోకి తీసుకొనరాదు. ఆ వ్యవధిలో ఎదుటి జట్టు తన ఆటగాళ్ళను మార్చుకొనవచ్చును. ఆటగాళ్ళ భద్రత కొరకే ఈ నియమమని సమర్థకులు చెప్పగా, వేగంగా ఆడే జట్లను ఓడించలేని కోచ్‌లు పన్నిన ఉపాయమని విమర్శకులు అన్నారు. మూడు వారాలకే ఈ ప్రతిపాదన ప్రక్కన పెట్టబడినది.

ఆట విధానము

ఇక్కడ ఫుట్‌బాల్ అనగా మన దేశంలో ఆడే ఫుట్‌బాల్ కాదు. ఇది కోడిగ్రుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేతబట్టుకొని పరుగెత్తుతూ, విసురుతూ ఆడే అమెరికన్ ఫుట్‌బాల్. మైదానంలో ఒక్కొక్క జట్టుకు 11 మంది ఉంటారు. బంతి ఎవరి వద్ద ఉన్నదో వారిని దాడి పక్షమనీ, అడ్డుకొనేవారిని రక్షణ పక్షమనీ చెప్పవచ్చును. దాడి పక్షానికి నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. ఈలోగా 10 గజాలు ముందుకు పోగలిగితే మరల నాలుగు ప్రయత్నాలు లభిస్తాయి. ఒక్కొక్క ప్రయత్నాన్ని 'ప్లే' అంటారు. నడుమ నిలిచిన ఆటగాడు బంతిని కాళ్ళ సందు నుండి వెనుకవానికి అందించుటతో ప్లే మొదలవుతుంది. దీనికే 'స్నాప్' అని పేరు.

ఒక ప్లే ముగియగానే 'ప్లే క్లాక్' అనే గడియారం 40 సెకన్ల నుండి సున్నా వైపు లెక్కిస్తుంది. సున్నా వచ్చేలోపు స్నాప్ చేయకపోతే ఆలస్యం చేసిన తప్పునకు 5 గజాలు వెనుకకు పోవలసివస్తుంది. అనగా ఆలస్యానికి హద్దు ఉన్నది గాని తొందరకు హద్దు లేదు. అధికారి బంతిని నేలపై ఉంచి, ఆటగాళ్ళు తమ స్థానాలలో కుదురుకొన్న తరువాత ఎప్పుడైనా స్నాప్ చేయవచ్చును. వివాదమంతా ఇక్కడే పుట్టినది.

పూర్వం ప్రతి ప్లేకు ముందు దాడి పక్షంవారు గుండ్రంగా చేరి రహస్యంగా పథకం చెప్పుకొనేవారు. ఈ గుంపును 'హడిల్' అంటారు. వాషింగ్టన్ నగరంలోని బధిరుల విద్యాసంస్థ అయిన గాలోడెట్‌లో 1890లలో ఇది మొదలైనదని చెబుతారు. తమ చేతి సైగలు ఎదుటి జట్టువారికి కనబడకుండా అక్కడి ఆటగాళ్ళు దగ్గరగా చేరి మాట్లాడుకొనేవారట. హడిల్ లేకుండా వెంటవెంటనే ఆడే పద్ధతికి 'నో-హడిల్' అని పేరు వచ్చినది.

వేగము వలన ప్రయోజనము

ఈ క్రీడలో ఆటగాళ్ళను ఎన్నిసార్లైనా మార్చవచ్చును. రక్షణ పక్షం ముందు వరుసలోని ఆటగాళ్ళు భారీకాయులు. వారు నాలుగైదు ప్లేలు ఆడి, బయటకు వచ్చి సేదదీరి, మరల వెళ్ళుట ఆనవాయితీ. దాడి పక్షం తన ఆటగాళ్ళను మార్చినచో రక్షణ పక్షానికి కూడా మార్చుకొనే అవకాశం ఇవ్వాలని నియమం కలదు. అంతవరకు అంపైర్ బంతి వద్దనే నిలబడి స్నాప్‌ను ఆపుతాడు. కాని దాడి పక్షం అదే పదకొండు మందితో వెంటనే వరుసకట్టినచో ఈ అవకాశం ఉండదు. అలసినవాడు బయటకు పోలేడు, కొత్తవాడు లోపలికి రాలేడు. ఎదుటివారికి అలసటతో పాటు అయోమయం కూడా కలుగుతుంది. వేగంగా ఆడుటలోని కిటుకు ఇదే.

పూర్వ చరిత్ర

ఈ వివాదం 2014లో కొత్తగా పుట్టినది కాదు. వృత్తిపరమైన ఎన్.ఎఫ్.ఎల్. లీగ్‌లో 1980లలో సామ్ వైష్ శిక్షణలోని సిన్సినాటి బెంగాల్స్ జట్టు నో-హడిల్ పద్ధతిని విరివిగా వాడినది. 1989 జనవరిలో బఫెలో బిల్స్ జట్టుతో జరిగిన సెమీఫైనల్ వంటి పోటీకి కొద్ది గంటల ముందు, ఆ పద్ధతిని వాడవద్దని లీగ్ అధికారులు బెంగాల్స్‌కు తెలియజేసినారు. అయినను బెంగాల్స్ 21-10తో గెలిచినది. నాడు ఆక్షేపించిన బఫెలో కోచ్ మార్వ్ లెవీ, తరువాత తన జట్టుకు అదే పద్ధతిని అలవరచి, వరుసగా నాలుగు సూపర్ బౌల్ పోటీలకు తీసుకువెళ్ళినాడు. నాలుగింటిలోను ఓడిపోవుట వేరే కథ.

కళాశాల ఫుట్‌బాల్‌లో ఈ వేగానికి 2008లో జరిగిన నియమ మార్పు ఎంతో తోడ్పడినది. అంతకు ముందు రిఫరీ ఆట సిద్ధమని సంజ్ఞ చేసిన తరువాత 25 సెకన్ల గడువు మొదలయ్యేది. కనుక వేగం కొంతవరకు రిఫరీ చేతిలో ఉండేది. ప్లే ముగిసిన వెంటనే 40 సెకన్లు లెక్కించే పద్ధతి రాగానే వేగం దాడి పక్షం చేతికి వచ్చినది.

ఈ అవకాశాన్ని అందరికంటె బాగుగా వాడుకొన్నవారిలో ఒరెగాన్ విశ్వవిద్యాలయ కోచ్ చిప్ కెల్లీ ముఖ్యుడు. ఆయన 2009 నుండి 2012 వరకు ఆ జట్టుకు ప్రధాన కోచ్. మాటలతో చెప్పుటకు వ్యవధి లేనందున, మైదానం అంచున బొమ్మలు అతికించిన పెద్ద పెద్ద అట్టలను ఎత్తిచూపి ఆటగాళ్ళకు సంకేతాలు పంపేవారు. ఆబర్న్ కోచ్ గస్ మాల్జాన్, అరిజోనా కోచ్ రిచ్ రోడ్రిగ్జ్ కూడా ఈ మార్గంలో ప్రసిద్ధులు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన శైలి అలబామా కోచ్ నిక్ సేబన్‌ది. బలమైన రక్షణ, నిదానమైన దాడి ఆయన పద్ధతి. 2011 నవంబరులో లూసియానా స్టేట్ జట్టుతో ఆడిన ఆటలో అలబామా 9-6తో ఓడిపోయినది. ఆట మొత్తంలో ఒక్క టచ్‌డౌన్ కూడా నమోదు కాలేదు. 2009, 2011, 2012 సంవత్సరాల జాతీయ విజేత అలబామాయే. ఫుట్‌బాల్ ఇట్లా మారిపోవుట మనకు కావాలా అని సేబన్ 2012లో బహిరంగంగానే ప్రశ్నించినాడు. ఆ నవంబరులో టెక్సాస్ ఎ అండ్ ఎం జట్టు చేతిలో 29-24తోను, 2013 నవంబరులో ఆబర్న్ చేతిలో 34-28తోను, 2014 జనవరిలో ఓక్లహోమా చేతిలో 45-31తోను అలబామా ఓడిపోయినది. ఈ మూడూ వేగంగా ఆడగల జట్లే. ప్రతిపాదన వచ్చిన సమయాన్ని బట్టి విమర్శకులకు అనుమానం కలుగుటలో వింత లేదు.

ప్రతిపాదన

కళాశాల క్రీడలను నిర్వహించే ఎన్.సి.ఎ.ఎ. సంస్థకు చెందిన ఫుట్‌బాల్ నియమాల కమిటీ 2014 ఫిబ్రవరి 12న దీనిని ప్రకటించినది. అప్పటి కమిటీ అధ్యక్షుడు ఎయిర్ ఫోర్స్ అకాడమీ కోచ్ ట్రాయ్ కాల్హూన్. ప్లే క్లాక్ 29 సెకన్లకు దిగువరకు స్నాప్ చేయరాదు. చేసినచో 5 గజాల శిక్ష. ప్రతి అర్ధభాగంలోని చివరి రెండు నిమిషాలకు మినహాయింపు. విశేషమేమనగా, తొందరపడి ఆడినందుకు విధించే ఈ శిక్షకు కూడా 'ఆటను ఆలస్యం చేయుట' అనే పేరే పెట్టినారు!

సేబన్, ఆర్కాన్సా కోచ్ బ్రెట్ బీలిమా కమిటీ సభ్యులు కారు. అయినను ఇరువురూ కమిటీ ఎదుట హాజరై తమ అభిప్రాయం చెప్పినారు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనించవలెను. ఎన్.సి.ఎ.ఎ.లో ఫుట్‌బాల్ నియమాలను అప్పట్లో రెండేళ్ళకొకసారి మార్చేవారు. 2014 మార్పుల సంవత్సరం కాదు. అటువంటి ఏడాదిలో ఆటగాళ్ళ భద్రతకు సంబంధించిన మార్పులకు మాత్రమే అనుమతి ఉండేది. కాబట్టి 'ఈ వేగం ఆటకు న్యాయమా' అనే ప్రశ్నను నేరుగా అడుగుటకు వీలు లేదు. 'ఈ వేగం ప్రమాదకరమా' అని మాత్రమే అడుగవచ్చును. మొదటిది అభిరుచికి సంబంధించిన ప్రశ్న. రెండవది ఆధారం చూపవలసిన ప్రశ్న. ప్రతిపాదన నిలువలేకపోవుటకు అసలు కారణం ఇదేనని చెప్పవచ్చును.

వాదోపవాదాలు

సమర్థకుల వాదం తేలికగా కొట్టివేయదగినది కాదు. వేగం పెరిగితే ఒక ఆటలో ప్లేల సంఖ్య పెరుగుతుంది. ప్రతి ప్లేలోను గాయపడే అవకాశం మారకపోయినా, ప్లేలు పెరిగితే ఢీకొనుటలు కూడా పెరుగుతాయి. పైగా అలసినవానిని బయటకు పంపే మార్గం మూసుకొనిపోతుంది. సికిల్ సెల్ లక్షణం ఉన్న ఆటగాడు మైదానంలో ఆయాసపడుతున్నా బయటకు తీయలేకపోతే ఏమగునని బీలిమా అడిగినాడు. మన ఏజెన్సీ ప్రాంతాలలో కూడా కనిపించే ఈ రక్త దోషం తీవ్ర శ్రమలో ప్రాణాపాయం కలిగించవచ్చును. అయితే ఆయన తన మాటకు ఆధారంగా అదే నెలలో మరణించిన కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆటగాని ప్రస్తావన తేవడం తీవ్ర విమర్శకు గురైనది. ఆ యువకుడు మరణించినది శిక్షణలో పరుగెత్తుతుండగా గాని, ఆటలో కాదు. ఒక కుటుంబపు దుఃఖాన్ని వాదానికి వాడుకొనుట తగదని పలువురు ఆక్షేపించినారు.

వ్యతిరేకుల ప్రశ్నలు మూడు వైపుల నుండి వచ్చినవి. వేగం వలన గాయాలు పెరిగినట్లు గణాంకాలు ఎక్కడ అన్నది మొదటిది. కమిటీ అటువంటి లెక్కలు చూపలేదు. అలసటే ప్రమాదమైతే, ఆటగాళ్ళు అత్యధికంగా అలసిపోయే చివరి రెండు నిమిషాలకు మినహాయింపు ఎందుకు అన్నది రెండవది. దీనికి సరియైన సమాధానం రాలేదు. మూడవది కమిటీ ప్రకటన నుండే పుట్టినది. వేగంగా ఆడే జట్లు కూడా మొదటి 10 సెకన్లలో స్నాప్ చేయుట అరుదని అందులో చెప్పినారు. ఎవరికీ పెద్దగా ఇబ్బంది ఉండదని చెప్పుటకు వాడిన మాట అది. కాని అరుదుగా జరిగేదానికి నియమం ఎందుకన్న ప్రశ్నకు అదే దారితీసినది.

నిజానికి ఆ పది సెకన్ల విలువ స్నాప్ చేయుటలో కంటె, చేయగలమనే బెదిరింపులో ఎక్కువ. ఏ క్షణమైనా ఆట మొదలు కావచ్చునన్న భయంతోనే రక్షణ పక్షం ఆటగాళ్ళను మార్చదు. ఆ భయం తొలగితే వేగంలోని సగం లాభం పోతుంది. ఇరుపక్షాలకూ ఇది తెలిసినదే.

దక్షిణ కరోలినా కోచ్ స్టీవ్ స్పరియర్ దీనికి 'సేబన్ నియమం' అని పేరు పెట్టినాడు. రోడ్రిగ్జ్ బృందం 'స్పీడ్' అనే హాలీవుడ్ చిత్రాన్ని అనుకరిస్తూ ఒక హాస్య వీడియో విడుదల చేసినది. వాషింగ్టన్ స్టేట్ కోచ్ మైక్ లీచ్, టెక్సాస్ ఎ అండ్ ఎం కోచ్ కెవిన్ సమ్లిన్, మిసిసిపి కోచ్ హ్యూ ఫ్రీజ్ కూడా వ్యతిరేకించినవారిలో ఉన్నారు. పర్యవేక్షణ మండలి ఓటు వేయుటకు ఒక రోజు ముందు, మార్చి 5న, కమిటీయే ప్రతిపాదనను నిలిపివేసినది.

తరువాతి పరిణామాలు

మార్వ్ లెవీ కథ మరొకసారి జరిగినది. సేబన్ 2014లో లేన్ కిఫిన్‌ను దాడి విభాగపు శిక్షకునిగా నియమించి, తన జట్టుకే వేగం నేర్పించినాడు. 2016 జనవరిలో అలబామా జాతీయ విజేత అయిన ఆటలో స్కోరు 45-40. నాలుగేళ్ళ క్రితపు 9-6 ఆటతో దీనిని పోల్చి చూడవచ్చును.

వేగాన్ని అడ్డుకొనుటకు రక్షణ పక్షాలు వాడే దొంగ గాయాల పద్ధతి మాత్రం చాలా కాలం సాగినది. ఆటగాడు గాయపడినట్లు నటించి పడిపోతే ఆట ఆగుతుంది, మిగిలినవారికి విశ్రాంతి దొరుకుతుంది. 2010లో ఒరెగాన్‌తో ఆడిన ఆటలో ఇట్లా పడిపొమ్మని చెప్పినందుకు కాలిఫోర్నియా జట్టు తన శిక్షకులలో ఒకరిని సస్పెండ్ చేసినది. నిజమైన గాయాన్ని, నటనను రిఫరీ వేరుచేయలేడు. అందుచేత 2025లో వేరొక మార్గం ఎంచుకొన్నారు. అధికారి బంతిని ఉంచిన తరువాత ఎవరైనా గాయంతో పడిపోతే ఆ జట్టు ఖాతాలో ఒక టైమ్‌అవుట్ తగ్గుతుంది. టైమ్‌అవుట్‌లు మిగలకపోతే 5 గజాల శిక్ష.

ప్లేల సంఖ్యను తగ్గించవలెనన్న ఆలోచన 2023లో గడియారం ద్వారా నెరవేరినది. 10 గజాలు సాధించి కొత్త ప్రయత్నాలు పొందినప్పుడు ఆట గడియారాన్ని కొద్దిసేపు ఆపే పద్ధతి 1968 నుండి ఉండేది. దానిని అర్ధభాగాల చివరి రెండు నిమిషాలకు పరిమితం చేసినారు. ఈ మార్పు వేగంగా ఆడేవారికి, నిదానంగా ఆడేవారికి ఒకే విధంగా వర్తించుట వలన 2014 నాటి గొడవ రాలేదు. 2024 నుండి కోచ్ తన ఆటగాళ్ళలో ఒకరితో హెల్మెట్‌లోని రేడియో ద్వారా మాట్లాడుటకు పై స్థాయి జట్లకు అనుమతి లభించినది. ప్లే క్లాక్ 15 సెకన్లకు చేరగానే ఈ సంభాషణ ఆగిపోతుంది. బొమ్మల అట్టల అవసరం దీనితో చాలావరకు తగ్గినది.

స్నాప్‌కు కనీస వ్యవధి విధించే నియమం మాత్రం నేటికీ కళాశాల ఫుట్‌బాల్‌లో లేదు.