మీ ఊరి పేజీలో ఏముండాలె? కొమర్రాజు నుంచి తెవికీ దాకా

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. తెలుగు వికీపీడియా తెరిచి మీ ఊరి పేరు కొట్టండి. పాత నల్గొండ, పాత మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఊరైతే పేజీ దాదాపు ఉండనే ఉంటది. చదవండి. జనాభా ఎంత, ఇండ్లెన్ని, బాలబడి ఎక్కడ, దగ్గరి డిగ్రీ కాలేజీ ఏ ఊర్లో ఉంది, మురుగునీరు ఎటు పోతది, బీడు భూమి ఎన్ని హెక్టార్లు. అన్నీ ఉంటయి. ఇప్పుడు పక్క ఊరి పేజీ తెరవండి. అంకెలు మారతయి, వాక్యాలు మారవు. మీ చెరువు ఎవరు తవ్వించిన్రు, ఊరికి ఆ పేరెట్ల వచ్చింది, రజాకార్ల కాలంలో ఊరు ఎటు పోయింది, ఇవి మాత్రం చాలా పేజీల్లో కనబడవు.

ఇది ఎవరో బద్ధకంగా చేసిన పని కాదు. జీతం లేకుండా, రాత్రిళ్లు కూర్చొని కొద్దిమంది చేసిన పని అది. అయినా అట్ల ఎందుకు తయారైందంటే, "వ్యాసం అంటే ఏంది? ఎంతుంటే వ్యాసం? దేన్ని నమ్మి రాయాలె?" అనే ప్రశ్న తెలుగులో వందేండ్ల నుంచి నడుస్తున్నది. దాని చరిత్ర చాలావరకు మన జిల్లాల చుట్టే తిరుగుతది. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు కొమర్రాజు లక్ష్మణరావు గారు. 1877లో పెనుగంచిప్రోలులో పుట్టిన్రు గాని, చిన్నతనం కొంత భువనగిరిలో గడిచింది. తర్వాత మునగాల సంస్థానానికి దివాన్‌గా చేసిన్రు. మునగాల అప్పట్లో వింత జాగా. చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఈ పరగణా మాత్రం బ్రిటిష్ వాళ్ల కృష్ణా జిల్లా కింద. ఇప్పుడది సూర్యాపేట జిల్లాలో ఉంది. 1906లో హైదరాబాదులో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టినవాళ్లలో ఆయన ముఖ్యులు. ఆ తర్వాత ఎత్తుకున్న పని ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము. ఇంగ్లీషోళ్లకు బ్రిటానికా ఎట్లుందో తెలుగుకు అట్లాంటిది ఒకటి ఉండాలని.

ఆయన పెట్టుకున్న ప్రమాణం చాలా ఎత్తు. విషయం తెలిసినవాళ్లే రాయాలె, లేకుంటే తనే చదివి, నేర్చుకొని రాయాలె. చాలా వ్యాసాలు తనే రాసిన్రు. లెక్కల వ్యాసమూ ఆయనే, చరిత్ర వ్యాసమూ ఆయనే. ఫలితం ఏందంటే, మూడు సంపుటాలు వచ్చినయి, మూడూ 'అ' అక్షరం దగ్గరనే ఉన్నయి. 1923లో 46 ఏండ్లకే ఆయన పోయిన్రు. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు గారు ఆ పనిని మళ్లీ ఎత్తుకున్నరు, అది వేరే కథ. నాకు మాత్రం ఆ మూడు సంపుటాలను తలుచుకుంటే గర్వమూ వస్తది, భయమూ వస్తది. ప్రతి పేజీ పక్కాగా ఉండాలంటే 'ఆ' దాకా కూడా చేరలేం.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలబడ్డ పుస్తకం పాలమూరు మనిషిది. సురవరం ప్రతాపరెడ్డి గారు. పాత మహబూబ్‌నగర్ జిల్లా గద్వాల వైపు బోరవెల్లిలో 1896లో పుట్టిన్రు. గోలకొండ పత్రిక సంపాదకులు. తెలంగాణలో తెలుగు కవులు 'పూజ్యం' అని ఒకాయన రాసిండు. పూజ్యం అంటే సున్నా. అదే మాటకు పూజించదగినది అనే అర్థం కూడా ఉందనుకోండి, రాసినాయన ఉద్దేశం మాత్రం సున్నానే. ప్రతాపరెడ్డి గారు దానికి వ్యాసంతో జవాబిచ్చి ఊరుకోలేదు. పత్రిక ద్వారా ఊరూరి నుంచి కవుల పద్యాలు, వివరాలు తెప్పించిన్రు. 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చయింది. 354 మంది కవులు.

ఇక్కడ మనకు కావాల్సింది ఆ సంఖ్య కాదు, ఆయన పెట్టుకున్న రూల్. అందులో అన్ని పద్యాలూ గొప్పవి కావు, చదివితే మీకే తెలుస్తది. గొప్ప పద్యమే కావాలంటే 354లో ఎంతమంది మిగిలేవాళ్లో. ఆయన అడిగింది గొప్పతనం కాదు. ఈ నేల మీద తెలుగులో రాస్తున్నవా? పేరేంది, ఊరేంది, నీ రచన ఏది? పండితులున్నరు, పల్లెటూరి వాళ్లున్నరు, ఆడవాళ్లున్నరు, వేర్వేరు కులాల వాళ్లున్నరు. లోపలికి రానిచ్చే తలుపు వెడల్పు, కానీ లోపలికొచ్చినవాళ్లు ఎవరో, ఎక్కడివాళ్లో రాసి ఉంటది. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, క్వాలిటీ చెక్ తగ్గించి మ్యాండేటరీ ఫీల్డ్స్ పెంచిన్రు. ఇయ్యాల ఆ కవుల మీద పరిశోధన చేసేవాళ్లకు పనికొస్తున్నది ఆ ఊరు, ఆ పేరే.

ఇప్పుడు తెవికీ. 2003 డిసెంబర్ 9న మొదలైంది. వెన్న నాగార్జున గారు మొదలుపెట్టిన్రు. అప్పట్లో కంప్యూటర్లో తెలుగు టైప్ చేయడమే పెద్ద పని. మొదట్లో పేజీలు చాలా తక్కువ, మనుషులు ఇంకా తక్కువ. అప్పుడు వచ్చిన ఆలోచన ఏందంటే, ప్రతి మండలానికి, ప్రతి గ్రామానికి ఒక పేజీ తెరిచి పెడదాం, ఊరివాళ్లు వచ్చి నింపుకుంటరు. ప్రోగ్రాంతో, అంటే బాట్‌తో, వేల పేజీలు పుట్టినయి. "ఫలానా ఊరు, ఫలానా మండలం, ఫలానా జిల్లా." అంతే, ఒక్క వాక్యం. వ్యాసాల సంఖ్యలో తెలుగు అప్పట్లో మిగతా భారతీయ భాషలను దాటిపోయింది. సంబురం అయింది. తర్వాత అసలు సమస్య మొదలైంది, ఎందుకంటే నింపుతరనుకున్న ఊరివాళ్లు చాలా ఊర్ల నుంచి రాలేదు.

అట్లాంటి పేజీకి తెవికీలో పెట్టిన పేరు నాకు చాలా ఇష్టం: మొలక. ఇంగ్లీషు మాటను అట్లనే దింపకుండా, నాటితే పెరిగేది అనే అర్థం వచ్చేట్టు పెట్టిన్రు. చర్చలు జరిగే చోటు పేరు రచ్చబండ. చెట్టు కింద బండ మీద కూసోని పెద్దమనుషులు తగువు తెంపినట్టు, రూల్స్ అక్కడ తేలుతయి. మొలకకు ఒక కొలత కూడా పెట్టుకున్నరు: 2 కిలోబైట్లు, అంటే 2048 బైట్లు. అంతకంటే చిన్నదైతే మొలక. ఇంకో సంగతి, తెలుగు అక్షరం ఒక్కోటి కంప్యూటర్లో మామూలుగా మూడు బైట్లు తింటది, గుణింతం ఉంటే ఇంకో మూడు. కాబట్టి 2 కిలోబైట్లంటే ఇంగ్లీషులో రెండు పేరాలు, తెలుగులో ఒక చిన్న పేరా.

బైట్లతో కొలవడం తప్పని నేను అనను. వేల పేజీలను మనిషి కూర్చొని చదవలేడు, యంత్రానికి ఒక గీటురాయి ఇయ్యాలె. కానీ ఏ కొలత పెడితే ఆ కొలతకు తగ్గట్టే పని జరుగుతది. ఊరి పేజీలకు 2011 జనగణన వివరాలు చేరినయి. పేజీలు మొలక స్థాయి దాటినయి. దాంతోనే మీరు ఇందాక చదివిన బాలబడి, మురుగునీరు వచ్చినయి. అవి పనికిరానివి కావు. మా ఊరికి హైస్కూల్ ఎంత దూరమో తెలుగులో రాసిపెట్టిన చోటు ఇంకోటి లేదు. కాకపోతే అది ఊరి గురించి సర్కారు అడిగిన ప్రశ్నలకు జవాబు. ఊరోళ్లు చెప్పుకునేది కాదు.

దానిమీద 2016 అక్టోబర్ 11 వచ్చింది. ఒక్క పొద్దుల నల్గొండ జిల్లా మూడు ముక్కలైంది: నల్గొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. పాలమూరులో వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల వేరైనయి, 2019లో నారాయణపేట కూడా. షాద్‌నగర్ రంగారెడ్డికి, కొడంగల్ వికారాబాద్‌కు పోయినయి. జనగణన అంకెలేమో పాత జిల్లా లెక్క, ఊరేమో కొత్త జిల్లాలో. ఆ వేల పేజీల్లో జిల్లా, మండలం పేర్లు సరిచేయడానికి పట్టిన ఓపికకు ఎవరూ అవార్డు ఇయ్యరు.

కొలత మోసం చేసిన ఇంకో సందర్భం గూగుల్ అనువాదాలది. 2010కి అటూ ఇటూ గూగుల్ సంస్థ తన అనువాద పనిముట్టుతో, డబ్బులిచ్చి పెట్టుకున్న అనువాదకులతో, ఇంగ్లీషు వికీపీడియా వ్యాసాలను తెలుగు, తమిళం, కన్నడం లాంటి భాషల్లోకి దింపింది. అవి పొడుగు వ్యాసాలు. బైట్లు బ్రహ్మాండం. కింద మూలాలు కూడా బారెడు. లెక్క ప్రకారం చూస్తే అన్నీ పాస్. చదివితే వాక్యం ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో అర్థం కాదు. వాటిని బాగుచేద్దామా, తీసేద్దామా అని తెవికీలో ఏండ్లు చర్చ నడిచి, చివరికి చాలా వాటిని తొలగించిన్రు. నేనైతే ఆ తొలగింపును తెవికీ చేసిన పెద్ద పనుల్లో ఒకటిగా చూస్తా. వ్యాసాల సంఖ్య తగ్గుతదని తెలిసి కూడా తీసేయడానికి గుండె కావాలె.

సరే, ఇప్పుడు అసలు చిక్కు. వికీపీడియా మూలసూత్రాల్లో ఒకటి నిర్ధారత్వం. నువ్వు రాసిన ముక్క ఎక్కడో అచ్చయి ఉండాలె, చదివేవాళ్లు పోయి సరిచూసుకోగలగాలె. నీకు తెలుసు కాబట్టి, మీ తాత చెప్పిండు కాబట్టి అంటే నడవదు. మంచి రూలే. ఇది లేకపోతే ఏమైతదో సినిమా హీరోల పేజీలు చూస్తే తెలుస్తది. అభిమాని వచ్చి "ఇండస్ట్రీ రికార్డులు తిరగరాసింది" అని రాస్తడు, ఇంకో హీరో అభిమాని వచ్చి తీసేస్తడు. మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం సంగతి కూడా అంతే. గర్భగుడిలో పగలంతా కదలకుండా కనబడే నీడ ఉంది. "శాస్త్రవేత్తలకే అంతుచిక్కని అద్భుతం" అని వాట్సాప్‌లో తిరుగుతది. వ్యాసంలో మాత్రం నీడ ఎక్కడ పడుతది, వెలుగు ఏ వైపు నుంచి వస్తది, స్తంభాలు ఎట్ల అమర్చిన్రు, ఇవి రాయాలె. అద్భుతమో కాదో చదివినోడు అనుకుంటడు.

కానీ "అచ్చయి ఉండాలె" అనే రూల్ అందరి మీద ఒకే బరువు పడదు. నిజాం రాజ్యంలో పాలన భాష ఉర్దూ. 1918లో వచ్చిన ఉస్మానియా యూనివర్సిటీలో కూడా చదువు ఉర్దూలోనే. తెలుగు పత్రికలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1922లో నల్గొండ నుంచి నీలగిరి పత్రిక, అదే ఏడు ఇనుగుర్తి నుంచి తెనుగు పత్రిక వచ్చినయంటే, అవి రావడమే ఒక వార్త. కాబట్టి కృష్ణా, గోదావరి జిల్లాల ఊరికి దొరికినంత తెలుగు అచ్చు కాగితం దేవరకొండ దగ్గరి ఊరికో అచ్చంపేట దగ్గరి ఊరికో దొరకదు. అక్కడ ఏం జరగలేదని కాదు, అచ్చు కాలేదు. రూల్ ఒకటే, కానీ తొంభై ఏండ్ల కింద 'పూజ్యం' అన్నాయన లెక్కనే మళ్లీ వస్తది.

ఇది మన ఒక్కరి గోస కూడా కాదు. 2011లో అచల్ ప్రభల అనే ఆయన, ఇంకొంతమంది కలిసి నోటిమాటను వికీపీడియాలో మూలంగా వాడొచ్చా అని ఒక ప్రయోగం చేసిన్రు. మలయాళం, హిందీ, దక్షిణాఫ్రికాలోని సెపెడి భాషల్లో మనుషులు చెప్పింది రికార్డు చేసి మూలంగా ఇచ్చిన్రు. దాని మీద సినిమా కూడా తీసిన్రు. ఆలోచన బాగుంది. కానీ నాకు పూర్తిగా ఒప్పుదల లేదు. రికార్డు చేసినోడు, వ్యాసం రాసినోడు ఒక్కడే అయితే, తప్పు పట్టేదెవరు? ఆఫీసులో మన కోడ్ మనమే రివ్యూ చేసుకున్నట్టుంటది.

దీనికి మన దగ్గర వేరే దారి ఉంది, నాకు అదే నచ్చుతది. తెలంగాణ సాయుధ పోరాటం 1946 నుంచి 1951 దాకా నడిచింది, దాని గుండెకాయ నల్గొండ. ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల మాట చాలాకాలం ఎక్కడా లేదు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు పోయి, కూర్చొని, మల్లు స్వరాజ్యం లాంటి వాళ్లు చెప్పింది విని, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం వేసిన్రు. ఇప్పుడది మూలం. వికీలో ఎవరైనా చూపించొచ్చు, ఎవరైనా పుస్తకం తీసి సరిచూసుకోవచ్చు. రూల్‌ను వంచలేదు, రూల్‌కు కావాల్సిన వస్తువును తయారుచేసిన్రు. వలిగొండ మనిషి బి.ఎన్. శాస్త్రి గారు కూడా ఇదే పని చేసిన్రు. ఊర్లు తిరిగి శాసనాలు చదివి, పుస్తకాలుగా వేసిన్రు. నల్గొండ జిల్లా శాసనాలను పురావస్తు శాఖ కూడా సంపుటాలుగా అచ్చేసింది. అంటే మీ ఊరి చెరువు ఎవరు తవ్వించిన్రో ఆ సంపుటాల్లో ఇప్పటికే ఉండొచ్చు, ఊరి పేజీకి ఎక్కలేదంతే.

అందుకే నన్ను అడిగితే ఊరి వ్యాసానికి ప్రమాణం బైట్లు కాదు. ప్రతాపరెడ్డి గారి లెక్క పెట్టుకోవాలె. నాలుగు వాక్యాలే ఉండనీ, అందులో ఒక్కటన్నా ఈ ఊరికి తప్ప ఇంకో ఊరికి అతకనిదై ఉండాలె, దానికి మూలం ఉండాలె. శాసనమా, పాత పత్రిక వార్తా, ఊరి కవి పుస్తకమా, ఏదైనా సరే. ఆ వాక్యం లేకుంటే పది కిలోబైట్లున్నా అది మొలకే. ఈ మాట రచ్చబండలో అంటే "ఇన్ని వేల ఊర్లకు ఎవరు వెతుకుతరు?" అని అడుగుతరు. న్యాయమైన ప్రశ్న. ఒక్కరు వెతకలేరు, కొమర్రాజు గారి దగ్గరనే అది తేలిపోయింది. ఊరికొకరు వెతకాలె.

గుడి దగ్గరనో, చెరువు కట్ట మీదనో మీ ఊర్లో రాతలున్న బండ ఉంటే ఫోటో తియ్యండి. పొద్దుగాల గానీ, పొద్దూకే ముందు గానీ తియ్యండి, వెలుగు పక్క నుంచి పడితేనే అక్షరం గుంటలు కనబడతయి. మిట్టమధ్యాహ్నం తీస్తే ఉత్త బండనే వస్తది. అక్షరాలను ఇనుప బ్రష్‌తో గీకొద్దు, రంగులు పూయొద్దు. పక్కన ఒక స్కేలు పెట్టండి. ఏ ఊరు, ఊర్లో ఏ దిక్కు, ఎవరి పొలం పక్కన, ఏ తారీఖున తీసిన్రో రాసిపెట్టుకోండి. తర్వాత జిల్లా శాసన సంపుటాల్లో మీ ఊరి పేరు వెతకండి. దొరికితే ఆ పేజీ నంబర్‌తో మీ ఊరి వ్యాసంలో ఒక్క వాక్యం చేర్చండి. దొరకకపోతే ఆ బండను ఇంకా ఎవరూ చదవలేదేమో, పురావస్తు శాఖకు ఫోటో పంపండి.