ఊరి పొలిమేర దాటని ఫైర్ కోడ్

1871 అక్టోబరు 8 రాత్రి అమెరికాలో రెండు చోట్ల నిప్పు లేచింది. షికాగోలో సుమారు 300 మంది పోయారు. అదే రాత్రి విస్కాన్సిన్ అడవుల్లో పెష్టిగో అనే చిన్న ఊరు, దాని చుట్టుపక్కల పల్లెలు కాలి వెయ్యిమందికి పైగా మరణించారు. షికాగో మంట లోకమంతటికీ తెలుసు. పెష్టిగో పేరు అమెరికాలోనే చాలామంది ఎరగరు. పల్లెల్లో ఫైర్ కోడ్ (అగ్ని భద్రతా నియమావళి) చరిత్ర చదువుతున్నప్పుడల్లా ఆ రాత్రే నాకు గుర్తొస్తుంది.

కోడ్ పుట్టుకలోనే నగరానికీ పల్లెకూ మధ్య ఆ తేడా ఉంది. దాన్ని మొదట రాయించింది ప్రభుత్వాలు కాదు, బీమా కంపెనీలు. 1866లో అవి న్యూయార్క్‌లో కలిసి ఒక జాతీయ బోర్డు పెట్టుకున్నాయి. 1904లో బాల్టిమోర్ నడిబొడ్డున 1,500కు పైగా భవనాలు బూడిదయ్యాక, మరుసటి ఏడే ఆ బోర్డు నమూనా బిల్డింగ్ కోడ్ ఒకటి అచ్చువేసింది. పరిహారం భారీగా కట్టాల్సి వచ్చేది నగరాల్లో కాబట్టి నియమాలూ ముందు అక్కడికే చేరాయి.

నగర హద్దుల్లో చేరని నేలకు దిక్కు కౌంటీ. మన జిల్లాలాంటిదే గాని కలెక్టరు ఉండడు, ఎన్నికైనవాళ్లే నడుపుతారు. మరి కౌంటీ తన కోడ్ తాను రాసుకోవచ్చు కదా? అది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. స్థానిక సంస్థకు రాష్ట్రం ఇచ్చినంతే అధికారం, అనుమానం వస్తే లేనట్టే లెక్క అని 1868లో అయొవా న్యాయమూర్తి జాన్ డిల్లన్ తేల్చాడు. కాలిఫోర్నియా తన 1879 రాజ్యాంగంలో కౌంటీలకు సొంత నిబంధనలు చేసుకునే అధికారం ఇచ్చింది. అంతకు మూడేళ్ల ముందు, 1876లో, టెక్సస్ రాసుకున్న రాజ్యాంగం దారి వేరు. అంతర్యుద్ధం తర్వాతి పాలన మీద కోపంతో ఉన్నవాళ్లు, వాళ్లలో రైతులూ చాలామందే, ప్రభుత్వం చేతులు ఎంత కట్టేస్తే అంత మేలనుకున్నారు. అక్కడి 254 కౌంటీలు చట్టసభ పేరుపెట్టి ఇచ్చిన పని తప్ప మరొకటి చేయలేవు.

చాలా కాలానికి చట్టసభ ఫైర్ కోడ్‌కు అనుమతి ఇచ్చింది గాని దానికొక గీత గీసింది. జనాభా 2,50,000 దాటిన కౌంటీకి, అలాంటి కౌంటీని ఆనుకుని ఉన్న కౌంటీకి మాత్రమే కోడ్ పెట్టుకునే వీలుంది. ప్రమాదం ఏ గోదాములో ఉందన్నది లెక్కలోకి రాలేదు, జనాభాయే కొలత అయింది. పైగా చట్టం అన్నది ‘పెట్టుకోవచ్చు’ అనే, ‘పెట్టుకోవాలి’ అని కాదు. కోడ్ ఉన్నచోటా అది దుకాణాలకు, ప్రజా భవనాలకు, నాలుగు అంతకు మించిన వాటాలున్న అపార్ట్‌మెంట్లకే వర్తిస్తుంది. డాలస్ శివార్లలో నగర హద్దు దాటి ఇల్లు కొనుక్కునే మన తెలుగు కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి. విడి ఇల్లు ఆ కోడ్ కిందికి రాదు.

ఇదే టెక్సస్‌లో వెస్ట్ అనే ఊరు మెక్‌లెనన్ కౌంటీలో ఉంది. జనాభా సుమారు 2,800. ఊరి అంచున 1960ల నాటి ఎరువుల కొట్టు ఒకటి ఉండేది. ఊరు పెరిగి, బడి, వృద్ధుల ఆశ్రమం దాని దాపుకు వచ్చేశాయి. కొట్టులో అమోనియం నైట్రేట్ ఎరువును చెక్క గదుల్లో పోసి ఉంచారు. స్ప్రింక్లర్లు లేవు. 2013 ఏప్రిల్ 17 సాయంత్రం 7:29కి పొగ కనిపించిందని కబురు వచ్చింది. మంటలార్పడానికి ఊరివాళ్లే, వాలంటీర్లే పరుగెత్తారు. 7:51కి సుమారు 30 టన్నుల ఎరువు ఒక్కసారిగా పేలింది. చనిపోయిన 15 మందిలో 12 మంది ఆర్పడానికీ ఆదుకోవడానికీ వెళ్లినవాళ్లే. ఇదే ఎరువు 1947లో, ఇదే రాష్ట్రంలో, టెక్సస్ సిటీ రేవులో ఓడ పేలి 500 మందికి పైగా ప్రాణాలు తీసింది. అది ఏప్రిల్ 16.

మెక్‌లెనన్ జనాభా 2010 లెక్కల్లో 2,34,906. గీతకు పదిహేను వేలు తక్కువ. కానీ పక్కనున్న బెల్ కౌంటీ మూడు లక్షలు దాటింది కనుక మెక్‌లెనన్‌కూ హక్కు ఉంది. వాడుకోలేదు. రాష్ట్రవ్యాప్త కోడూ లేదు. కోడ్ ఉన్నా అంత పాత కట్టడానికి వర్తించేదా అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది, నిజమే. అయినా నిప్పు అంటుకోక ముందే ఒక అధికారి ఆ తలుపు తట్టి, చెక్క గదుల్లో ఈ ఎరువేమిటని అడగడానికి ఆధారమంటూ ఉండేది. ఆ వాలంటీర్ల తరఫున అడగవలసిన ప్రశ్న అది.

2015లో టెక్సస్ ఒక చట్టం చేసింది. అమోనియం నైట్రేట్‌ను మండే సరుకుకు 30 అడుగుల దూరంలో ఉంచాలి, ఫైర్ మార్షల్ తనిఖీకి వస్తే రానివ్వాలి. అవసరమైన చట్టమే. అయితే అది ఒక్క ఎరువుకే. 2,50,000 గీతను అలాగే వదిలేశారు. ఆ గీతకు దిగువన, పెద్ద కౌంటీ పొరుగు లేని చోట, ఊరి బయట చెక్క గోదాము కట్టే మనిషికి వర్తించేలా సొంత ఫైర్ కోడ్ పెట్టే అధికారం కౌంటీకి లేదు. అది అంటుకుంటే మాత్రం వెళ్లేది ఆ ఊరి వాలంటీర్లే.