భీమిలి సమాధుల దగ్గర నూలు ఊసు

భీమిలి అంటే మనకి బీచే. ఆదివారం సాయంత్రం పిల్లల్ని ఎక్కించుకుని రుషికొండ దాటి వెళ్ళడం, మొక్కజొన్న పొత్తు తిని వెనక్కి వచ్చేయడం. ఇన్నేళ్ళుగా ఉక్కునగరంలో కాపురం ఉంటున్న నేను చూసిన భీమిలి కూడా అంతే. మొన్న చలికాలంలో మా సెక్టార్ ఆడవాళ్ళం పదిమందిమి వ్యాన్ మాట్లాడుకున్నాం. చరిత్ర బాగా తెలిసిన గైడ్‌ని ఒకాయన్ని వెంటబెట్టుకుని, పొద్దుట నుంచి సాయంత్రం దాకా ఆ ఊరినే తిరిగి చూశాం. "డబ్బులిచ్చి మరీ శ్మశానం చూడ్డానికి వెళ్తారటర్రా!" అన్నారు మా అత్తగారు. రాగానే తలస్నానం చెయ్యాలని షరతు కూడా పెట్టారు.

ఆ శ్మశానం డచ్చివాళ్ళది, పదిహేడో శతాబ్దం నాటిది. మన పాత తెలుగులో వాళ్ళని వలందులు అనేవారు. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేట ఇప్పటికీ ఉంది. సముద్రపు గాలికి నల్లబడిపోయిన సమాధులు, కొన్ని పైకి వెళ్ళేకొద్దీ సన్నబడే స్తంభాల్లా ఉన్నాయి. అంత దూరం నుంచి వచ్చి ఇక్కడి మట్టిలో కలిసిపోయారు కదా అని జాలేసింది. ఆ మాట దాచుకోను.

అసలు వాళ్ళు ఇక్కడికెందుకు వచ్చారన్నది వంటింటి కథ. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీకి కావలసింది మన పోపులడబ్బాలో ఉండే లవంగాలు, జాజికాయ, జాపత్రి. అవి దొరికేది ఇప్పటి ఇండోనేషియా దీవుల్లో. అక్కడివాళ్ళు వాటికి మారుగా అడిగింది మన తీరపు నూలుబట్ట. రంగులు పోని, ఉతికినకొద్దీ మెత్తబడే బట్ట. అందుకని ముందు మన దగ్గర బట్ట కొని, అది తీసుకెళ్ళి అక్కడ లవంగాలు కొనేవారు. మచిలీపట్నం, కాకినాడ దగ్గర జగన్నాథపురం, మన భీమిలి, అన్నీ ఆ బట్ట కోసం వెలిసిన స్థావరాలే.

గైడ్ ఓడల గురించీ, దొరల గురించీ, యుద్ధాల గురించీ చక్కగా చెప్పాడు. దళారులు పల్లెల్లో నేతగాళ్ళకి ముందుగా బయానా ఇచ్చి బట్ట నేయించేవారనీ చెప్పాడు. "మరి ఆ నూలు ఎవరు వడికారు బాబూ?" అని అడిగాను. ఆయన ఒక్క క్షణం ఆగి, "ఆడవాళ్ళేనండీ" అన్నాడు. ఆ ఒక్క మాటతో ఆ విషయం అయిపోయింది.

నాకు మాత్రం అవలేదు. ఒక్క మగ్గం ఆడాలంటే ఎన్ని రాట్నాలు తిరగాలి! వంటా వార్పూ, పొలం పనీ, పిల్లలూ అయ్యాక మిగిలిన వేళలో తిప్పిన రాట్నాలవి. నేతవారి ఇళ్ళలో అయితే కండెలు చుట్టడం, పడుగుకి సాయం పట్టడం కూడా ఆడవాళ్ళ వంతే. ఆ పని ఎలాంటిదో చూడాలనుంటే శ్రీకాకుళం వైపు పొందూరు వెళ్ళండి. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, రాట్నం మీద సన్న నూలు తీసే ఆడవాళ్ళు ఇప్పటికీ ఉన్నారక్కడ. కంపెనీ వాళ్ళు ప్రతి బేలుకీ లెక్క రాసుకున్నారు. వడికిన చేతుల పేర్లు మాత్రం ఏ రాతి మీదా లేవు.

అప్పుడే ఆయన ఫోన్‌లో ఒక ఫోటో చూపించాడు. కరీబియన్ సముద్రంలో కురసావ్ దీవి మీదున్న విలెమ్‌స్టాడ్ ఊరు. నీళ్ళ ఒడ్డున పసుపు, గులాబీ, నీలం రంగుల డచ్చి మేడలు, బొమ్మలకొలువులో పెట్టినట్టు ఉన్నాయి. 1997లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. టూరిస్టులు ఓడల్లో దిగి, మనలాగే ఒక్కరోజులో చూసి వెళ్తారట. ఆ దీవిని డచ్చివాళ్ళు పట్టుకున్నది 1634లో. తర్వాత అది బానిసలని దింపి అమ్మే పెద్ద సంత అయింది. ఆఫ్రికా తీరంలో ఆ మనుషుల్ని కొనడానికి యూరపు వర్తకులు ఇచ్చిన సరుకుల్లో మన కోరమాండల్ నూలుబట్ట ఒకటి. దానికి గినీ బట్ట అని పేరే ఉంది. అంతెందుకు, కరువు రోజుల్లో ఈ కోరమాండల్ తీరంలోనే మనుషుల్ని కొని బటావియాకీ, సిలోనుకీ బానిసలుగా పంపించారు డచ్చివాళ్ళు. తమ రాజ్యంలోని కరీబియన్ దీవుల్లో వాళ్ళు బానిసత్వాన్ని రద్దు చేసింది 1863లో.

ఇందాకటి జాలి పోలేదు గానీ, దాని పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది. సమాధుల మధ్య నుంచి ఎవరం మాట్లాడకుండా బయటికి వచ్చాం.

మధ్యాహ్నం పులిహోర తిన్నాక మిగతా ఊరు చూశాం. గడియార స్తంభం, లైట్‌హౌస్, చర్చి. 1825లో డచ్చివాళ్ళు భీమిలిని ఇంగ్లీషువాళ్ళకి అప్పగించి వెళ్ళిపోయారు. 1861 నాటికే ఇక్కడ మున్సిపాలిటీ ఉంది. ఇప్పుడు చూస్తే నమ్మబుద్ధి కాదు. రైలు ఈ ఊరికి రాలేదు. 1933లో విశాఖలో హార్బరు తెరిచాక ఓడలు ఒడ్డుకి దూరంగా లంగరేసి, పడవల్లో సరుకు మోయించుకోవలసిన అవసరం ఏముంది?

ఇంగ్లీషువాళ్ళ కాలంలో ఇక్కణ్ణించి ఎగుమతైన సరుకుల్లో ఒకటి వింటే మీరు నవ్వుతారు. గోగునార! మన గోంగూర చుట్టమే. ప్రపంచ మార్కెట్లో దాని పేరు బిమ్లీ జ్యూట్. ఆకు కూరకీ పచ్చడికీ మనకి, నార గోనెసంచులకి వాళ్ళకి.

ఇది వినగానే మాలో విజయనగరం వైపు ఆవిడ అందుకుంది. వాళ్ళ మామ్మ గోగుకట్టలు చెరువులో నానబెట్టి, మోకాలిలోతు నీళ్ళలో నిలబడి నార ఒలిచేదట. ఆ కుళ్ళు వాసన ఎన్నిసార్లు స్నానం చేసినా పోయేది కాదట, చేతులు పాచిపోయి అన్నం కలుపుకుంటే మండేవట. గైడ్ జేబులోంచి చిన్న నోటుబుక్కు తీశాడు. "ఎన్నాళ్ళు నానబెట్టేవారండీ?" అని అడిగి, రాసుకోవడం మొదలుపెట్టాడు.