నాన్నగారి ఫోనూ, 2009 నాటి ఒక లీగల్ నోటీసూ

2022 మే 24 మధ్యాహ్నం మా నాన్నగారి ఫోన్‌ని పూర్తిగా తుడిచేశాను. కావాలనే లెండి.

అప్పటికి వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని రాజోలు దగ్గర మా ఊళ్ళోనే ఉంటున్నాను. ఆ ఫోన్ 2018లో, ఇంజనీరింగ్ చదివేటప్పుడు నేను కొనుక్కున్నది. ఉద్యోగం వచ్చి కొత్తది కొనుక్కున్నాక పాతది ఆయన చేతికి వెళ్ళింది. (మన ఇళ్ళల్లో ఫోన్లన్నీ ఇలా కిందనుంచి పైకే పోతాయి, చొక్కాల్లాగా కాదు.) తయారుచేసినవాళ్ళు ఆండ్రాయిడ్ 9 దగ్గర ఆపేశారు, ఆఖరి సెక్యూరిటీ ప్యాచ్ వచ్చి ఏడాది దాటిపోయింది. హార్డ్‌వేర్ మాత్రం గుండ్రాయిలా ఉంది. సరే, లీనియేజ్ ఓఎస్ ఎక్కిద్దామని కూర్చున్నాను. ఎక్కింది. ఆండ్రాయిడ్ 12 తళతళలాడుతూ లేచింది. గూగుల్ యాప్స్ జిప్ ఫైలు మాత్రం ఇంకా దించలేదు. దాన్ని మొదటిసారి బూట్ అవ్వకముందే ఎక్కించాలని తెలుసు, కానీ అసలు లేస్తుందో లేదో చూద్దామని ఆత్రం. సాయంత్రం తీరిగ్గా దించుకుని మళ్ళీ మొదలెడదాం అనుకున్నా.

ఆ సాయంత్రం అమలాపురంలో ఏం జరిగిందో మీకు తెలుసు. జిల్లా పేరు మీద గొడవ, మంటలు, ఆ వెంటనే కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ బంద్. అది దాదాపు రెండు వారాలు సాగింది.

వాట్సాప్ లేకపోవడం పెద్ద కష్టం కాదు, ఊళ్ళో ఎవరికీ లేదు కదా. కష్టమల్లా ఆయన కాంటాక్ట్స్ అన్నీ గూగుల్ అకౌంట్లో ఉండడం. గూగులే లేని ఫోన్లో నంబర్లెక్కడివి? కాల్స్ వెళ్తున్నాయి, ఎస్సెమ్మెస్‌లు వెళ్తున్నాయి, కానీ ఎవరికి చెయ్యాలో తెలీదు. అది కొబ్బరి దింపు వారం. దింపు వాళ్ళ నంబరు లేదు, వలుపు వాళ్ళ నంబరు లేదు, అంబాజీపేట వ్యాపారి నంబరు లేదు. "బానే ఉన్న ఫోన్ని ఎందుకు కెలికావురా అబ్బాయ్" అన్నారు నాన్నగారు. కోప్పడితే బాగుండేది. మామూలుగానే అడిగారు.

నాలుగో రోజు ల్యాప్‌టాపూ, రెండు ఫోన్లూ సంచీలో వేసుకుని దిండి మీదుగా చించినాడ వంతెన దాటాను. అవతల పశ్చిమ గోదావరి జిల్లా, అక్కడ డేటా వస్తోంది. స్కూటర్ సీటు మీద ల్యాప్‌టాప్ పెట్టి, జిప్ దించి, ఫోన్ మళ్ళీ తుడిచి, మళ్ళీ ఎక్కించి, లాగిన్ అయ్యేసరికి మూడు గంటలు. నంబర్లు ఒక్కొక్కటీ వచ్చి పడుతుంటే కలిగిన ఆనందం నా మొదటి జీతం నాడు కూడా లేదు.

ఆ చెట్టు కింద నిలబడ్డప్పుడు ఒక ప్రశ్న పట్టుకుంది. గూగుల్ యాప్స్ అసలు రోమ్‌లోనే ఎందుకుండవు? విడిగా ఎందుకు దించుకోవాలి?

దీని జవాబు 2009లో ఉంది. మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ హెచ్‌టీసీ డ్రీమ్ 2008 అక్టోబర్‌లో అమ్మకానికొచ్చింది. ఆండ్రాయిడ్‌లో సోర్సు అందరికీ ఇచ్చే భాగం ఒకటి, మార్కెట్, జీమెయిల్, మ్యాప్స్ లాంటి గూగుల్ సొంత యాప్స్ ఇంకొకటి. స్టీవ్ కొండిక్ అనే ప్రోగ్రామర్ 2009లో మొదటి భాగానికి మెరుగులు దిద్ది సయనోజెన్‌మాడ్ అని వదిలాడు. అందరూ ఎగబడ్డారు. అందులో గూగుల్ యాప్స్ కూడా ఉండేవి. ఆ సెప్టెంబర్‌లో గూగుల్ లాయర్ల దగ్గర్నుంచి నోటీసు వచ్చింది: మా యాప్స్ పంచడానికి మీకు హక్కు లేదు, ఆపండి అని. పెద్ద గోలైంది. చివరికి రోమ్‌లో గూగుల్ యాప్స్ ఉండకూడదు, ఫోన్‌తో వచ్చిన యాప్స్‌ని దాని యజమాని విడిగా మళ్ళీ పెట్టుకోవచ్చు అన్న పద్ధతిలో రాజీ కుదిరింది. సయనోజెన్‌మాడ్ పోయి లీనియేజ్ వచ్చినా ఆ పద్ధతి అలాగే ఉండిపోయింది. అంటే అమెరికాలో ఒక లాయరు రాసిన ఉత్తరం పదమూడేళ్ళు ప్రయాణం చేసి మా దింపు వారానికి అందిందన్నమాట :)

సయనోజెన్ కథలో మన దేశానికి కూడా ఒక అధ్యాయం ఉంది. కొండిక్ బృందం 2013లో సయనోజెన్ ఇన్‌కార్పొరేటెడ్ అని కంపెనీ పెట్టింది. వన్‌ప్లస్ తన మొదటి ఫోన్‌ని వీళ్ళ ఓఎస్‌తోనే తెచ్చింది. కానీ ఇండియా వరకూ హక్కులు మైక్రోమాక్స్‌కి ఇచ్చేశారు. 2014 డిసెంబర్‌లో వన్‌ప్లస్ ఇక్కడికి రాగానే మైక్రోమాక్స్ ఢిల్లీ హైకోర్టుకెళ్ళి ఆ అమ్మకాలు ఆపించింది, కొద్దిరోజుల్లోనే ఇంకో బెంచ్ ఆ ఆర్డర్ ఎత్తేసింది. అదే నెలలో మైక్రోమాక్స్ వారి యూ బ్రాండు 8,999 రూపాయలకి యురేకా ప్రకటించింది. కొత్తపేటలో మా బావ ఫ్లాష్ సేల్‌లో దాన్ని కొట్టి తెచ్చినప్పుడు నేను ఇంటర్‌కి కూడా రాలేదు. సయనోజెన్ అన్న మాట చూడడం అదే మొదటిసారి, ఏదో విషం పేరు అనుకున్నా. 2016 డిసెంబర్‌లో ఆ కంపెనీ సయనోజెన్ సేవల్ని మూసేసింది. అప్పటిదాకా ఉత్తినే పనిచేసినవాళ్ళలో మిగిలినవాళ్ళు అదే కోడు తీసుకుని లీనియేజ్ అని పేరు పెట్టుకుని కొనసాగించారు. డబ్బు పెట్టినవాళ్ళు పోయారు, ఊరికే చేసినవాళ్ళు ఉన్నారు. ఇది నాకు భలే నచ్చుతుంది.

అసలు అప్‌డేట్లు ఎందుకు ఆగుతాయి అంటే అంతా ఫోన్ కంపెనీ పాపమే కాదు. చిప్ చేసినవాడు డ్రైవర్లు కొత్త ఆండ్రాయిడ్‌కి సరిపడా మార్చి ఇవ్వాలి, పైన ఫోన్ కంపెనీ దాని మీద తన హంగులు వెయ్యాలి. చిప్‌వాడు చేతులెత్తేస్తే ఫోన్‌వాడూ ఎత్తేస్తాడు. 2017లో ఆండ్రాయిడ్ 8తో వచ్చిన ప్రాజెక్ట్ ట్రెబుల్ ఈ రెంటినీ విడదీసింది. నాన్నగారి ఫోన్ ఆ తర్వాతది కాబట్టే కంపెనీ వదిలేశాక కూడా ఎవరో ముక్కూ మొహం తెలియని కుర్రాళ్ళు దానికి ఆండ్రాయిడ్ 12 కట్టగలిగారు.

ఇదంతా నాన్నగారికి చెప్పాను, ఒకసారి పి.గన్నవరం మీదుగా వస్తూ. అక్కడ గోదావరి పాయ మీద కాటన్ దొర కాలపు అక్విడక్టు ఉంది కదా, 49 ఆర్చీలతో. 2000లో పక్కనే డొక్కా సీతమ్మ గారి పేరుతో కొత్తది కట్టేదాకా మా సీమ చేలకి నీళ్ళు దాని మీదుగానే వచ్చాయి, దాదాపు నూట యాభై ఏళ్ళు. ఆయన దాన్నే చూస్తూ, "దొరలు ఎప్పుడో పోయార్రా, లస్కర్లు ఉన్నారు కాబట్టి నీరొచ్చింది" అన్నారు. తెలీనివాళ్ళకి చెప్తున్నా, లస్కరు అంటే కాలవ గట్టు కనిపెట్టుకుని, లాకులూ తూములూ చూసుకునే చిన్న ఉద్యోగి. లీనియేజ్ మెయింటెయినర్లకి అంతకన్నా మంచి తెలుగు పేరు నాకింతవరకూ దొరకలేదు.

ఇక్కడ ఒక పక్కదారి. అప్‌డేట్లు అంటే హంగులే అనుకునేవాళ్ళు తెలుగు ఫోన్ల చరిత్ర ఒకసారి చూడాలి. తొలినాళ్ళ ఆండ్రాయిడ్లలో తెలుగంటే డబ్బాలే. ఒపేరా మినీలో ఓ రహస్య సెట్టింగుల పేజీ తెరిచి, క్లిష్టమైన లిపుల్ని బొమ్మలుగా చూపించమని ఎంచుకుంటే తెలుగు బొమ్మలై వచ్చేది, గుర్తుందా? కొత్త వెర్షన్ వస్తేనే అక్షరం వచ్చేది. అలాగని అప్‌డేట్ అయినంత మాత్రాన అంతా క్షేమం కాదు. 2018 ఫిబ్రవరిలో మన జ్ఞా అక్షరమే, మధ్యలో కంటికి కనపడని ఒక కోడు చేరితే, ఐఓఎస్ 11 ఫోన్లలో యాప్స్‌ని కూలగొట్టింది. ఆపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 ఇచ్చి సర్దుకుంది. ఫోన్ కొత్తదే, కానీ ఆ ప్యాచ్ లేకపోతే మన భాషే దానికి ఎసరు.

అప్‌డేట్ ఆగిన రోజునే ఫోన్ చావదు. దారాలు ఒక్కోటీ తెగుతాయి, వాటిని తెంపేది ఎక్కువగా మూడోవాళ్ళు. 2021 సెప్టెంబర్ 30న ఒక రూట్ సర్టిఫికెట్‌కి గడువు తీరింది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళ సర్టిఫికెట్లున్న లక్షల సైట్లు ఆండ్రాయిడ్ 7.1.1 కన్నా పాత ఫోన్లలో తెరుచుకోవేమో అని భయం. ఏడాది ముందు వాళ్ళు వేసిన లెక్కలో మూడో వంతు ఆండ్రాయిడ్ ఫోన్లు అంతకన్నా పాతవే. అయితే ఆండ్రాయిడ్ తనలో ఉన్న రూట్ సర్టిఫికెట్ల గడువు తేదీ పట్టించుకోదు! ఆ వెసులుబాటునే ఆసరాగా తీసుకుని, గడువు తీరబోతున్న రూట్‌తోనే ముందుగా ఇంకో సంతకం పెట్టించి మూడేళ్ళు నెట్టుకొచ్చారు. మన వృత్తిలో ఇంత అందమైన అతుకు నేను ఇంకోటి చూళ్ళేదు.

కానీ అన్ని దారాలకీ అతుకు పడదు. మా ఇంట్లో తెగింది బ్యాంకుది.

ఏ బ్యాంకో చెప్పను. బూట్‌లోడర్ అన్‌లాక్ అయి ఉంటే వాళ్ళ యాప్ తెరుచుకోదు. గూగుల్ అప్పట్లో ఇచ్చిన సేఫ్టీనెట్ పరీక్ష (తర్వాత ప్లే ఇంటెగ్రిటీ అయింది) పాసవ్వాలి. విచిత్రమేంటంటే నెలనెలా ప్యాచ్‌లు పడుతున్న ఆండ్రాయిడ్ 12 ఫెయిల్, ప్యాచ్ లేక ఏళ్ళు గడిచిన కంపెనీవారి ఆండ్రాయిడ్ 9 పాస్. బ్యాంకు వైపునుంచి ఆలోచిస్తే తప్పు కూడా కాదు. అన్‌లాక్ చేసింది కొడుకో, దొంగో వాళ్ళకెలా తెలుస్తుంది? మ్యాజిస్క్‌తో దాచిపెట్టి ఎనిమిది నెలలు పిల్లీ ఎలుకా ఆడాను. ఒకరోజు ఎరువుల కొట్లో యూపీఐ తెరవలేదు. వెనకాల నలుగురు నిలబడి ఉన్నారట. ఆ సాయంత్రం ఆయన నన్నేమీ అనలేదు, ఫోన్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టి వెళ్ళిపోయారు.

మళ్ళీ కంపెనీ ఆండ్రాయిడ్ 9 ఎక్కించి, లాక్ వేసేశాను. ఒక ఇంజనీరుగా తప్పు పనే చేశాను, తెలుసు. 2025 ఆగస్టులో క్రోమ్ కూడా ఆండ్రాయిడ్ 10 ఉంటేనే అంది. అదే ఏడాది జూన్ నుంచి యూరప్‌లో అమ్మే ఫోన్లకి, ఆ మోడల్ అమ్మకం ఆపాక కూడా అయిదేళ్ళు అప్‌డేట్లు ఇవ్వాలని నిబంధన వచ్చింది. మనదగ్గర రిపేరబిలిటీ ఇండెక్స్ మీద కమిటీ అదే మేలో నివేదిక ఇచ్చింది. నాన్నగారి ఫోన్‌కి ఇవేవీ వర్తించవు.

కొత్తది కొంటానంటే వద్దంటారు. అందుకని ఫోన్‌ని కాకుండా డబ్బుని సర్దాను. యూపీఐకి విడిగా ఒక ఖాతా, అందులో అయిదు వేలు మించి ఉంచకూడదు. పెద్ద ఖాతా సిమ్ బటన్ల ఫోన్లో, ఓటీపీలు అందులోకే. తెలియని లింకు ఏదొచ్చినా ముందు నాకు ఫోన్. కిందటి సెలవుల్లో అమలాపురంలో బ్యాటరీ మార్పిస్తే, రిపేరు కుర్రాడు బోర్డు చూసి, "ఆయ్, ఇంకో నాలుగేళ్ళు ఢోకా లేదండీ" అన్నాడు. హార్డ్‌వేర్ సంగతే లెండి.

కొత్త నంబరు ఏదైనా వస్తే ఆయన ఇప్పటికీ ముందు గోడ క్యాలెండర్ వెనకాల పెన్నుతో రాస్తారు, ఆ తర్వాతే ఫోన్లో సేవ్ చేస్తారు. డిసెంబర్‌లో క్యాలెండర్ మారిస్తే పాతది పారెయ్యనివ్వరు.