ఖరాజు: పాలకుని హక్కు, దాని హద్దు

తెలుగునాట భూమి దున్నేవానిని రైతు అంటాము. ఈ మాటకు మూలం అరబ్బీలోని 'రఇయ్యత్'. కాపరి సంరక్షణలో ఉన్న మంద అని దాని మొదటి అర్థం. పాలకుని సంరక్షణలో ఉన్న ప్రజలు అని తరువాతి అర్థం. కాపరికి మందపై ఎంత హక్కు ఉన్నది? పాలు పిదుకుకోవచ్చును; కాని ఎంతవరకు? పన్నుల చరిత్ర అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ఈ ప్రశ్నకు క్రీ.శ. 8వ శతాబ్దంలోనే ఒక న్యాయవేత్త సమాధానం వ్రాశాడు. ఆయన కూఫా నగరంలో పేదరికంలో పెరిగి, ఇమామ్ అబూ హనీఫా వద్ద చదువుకొని, బాగ్దాదులో ప్రధాన ఖాజీ అయిన అబూ యూసుఫ్ (731-798). ఖలీఫా హారూన్ రషీద్ కోరికపై ఆయన 'కితాబుల్ ఖరాజ్' అనే గ్రంథాన్ని రచించాడు. ఖరాజు అంటే భూమిశిస్తు.

అడిగినది ఖజానా నింపుకొనే ఏలిక. వ్రాసినది ఆ ఏలిక కొలువులోని ఉద్యోగి. అయినప్పటికీ ఆ గ్రంథం పాలకుని చేతికి హద్దు గీసింది. స్థిరపడిన, అందరికీ తెలిసిన హక్కు ఉంటే తప్ప ఎవరి స్వాధీనంలోని వస్తువునూ పాలకుడు తీసుకోరాదని అబూ యూసుఫ్ నిర్ణయించాడు.

ఈ హద్దుకు ఆయన పూర్వచరిత్ర నుండి ఆధారాలు చూపాడు. క్రీ.శ. 636లో యర్మూక్ యుద్ధానికి ముందు ముస్లిం సేనలు సిరియాలోని పట్టణాల నుండి వెనుకకు మరలవలసి వచ్చింది. రక్షణకు ప్రతిగా తీసుకున్న పన్నును, రక్షించలేని స్థితిలో ఉంచుకోరాదని సేనాని అబూ ఉబైదా (రజి) ఆ సొమ్మును ప్రజలకు తిరిగి ఇప్పించారని ఆయన పేర్కొన్నాడు. అంటే పన్ను జయించినవాని కప్పం కాదు. ఒక బాధ్యతకు బదులు. బాధ్యత తీరనప్పుడు హక్కూ ఉండదు.

రెండవ ఆధారం ఇరాఖ్‌లోని సారవంతమైన సవాద్ ప్రాంతానిది. అక్కడ హజ్రత్ ఉమర్ (రజి) భూమిని కొలిపించి, జరీబు ఒక్కింటికి ఇంత అని శిస్తు విధించారు. అబూ యూసుఫ్ కాలానికి ఎన్నో భూములు బీడుపడ్డాయి. ఉమర్ నిర్ణయించినదాన్ని మార్చవచ్చునా? సర్వే చేసినవారిని పిలిచి, భూమి మోయలేని భారం వేయలేదు కదా అని ఉమర్ స్వయంగా అడిగారని అబూ యూసుఫ్ గుర్తుచేశాడు. కాబట్టి అనుసరించవలసినది ఆ అంకెను కాదు, ఆ ప్రశ్నను. పంటలో వాటా తీసుకొమ్మని ఆయన సలహా: పారే నీటితో పండిన గోధుమ, బార్లీలలో ఐదింట రెండు వంతులు, యంత్రాలతో నీరు తోడుకొనే చోట పదింట మూడు వంతులు. శ్రమ పెరిగితే శిస్తు తగ్గాలి.

మూడవది వసూలు పద్ధతి. శిస్తును గుత్తకు ఇవ్వడాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించాడు. గుత్తేదారు తాను చెల్లించిన దానికి మించి రాబట్టుకోవడానికి రైతును పీడిస్తాడు, పల్లెలు పాడవుతాయి, చివరకు ఖజానాయే నష్టపోతుంది. బకాయిదారులను కొట్టడం, ఎండలో నిలబెట్టడం, మెడకు కుండలు వేలాడదీయడం తగదన్నాడు. నెలకో, రెండు నెలలకో ఒకసారైనా స్వయంగా కూర్చుని బాధితుల మొర వినమని ఖలీఫాకు చెప్పాడు.

ఈ గ్రంథాన్ని నేటి కొలతలతో పొగడడం న్యాయం కాదు. ముస్లిమేతరులపై జిజియా ఉన్నది. స్త్రీలకు, పిల్లలకు మినహాయింపు ఉన్నా, అది సమాన పౌరసత్వం కాదు. జిజియా చెల్లించనివారిని కొట్టరాదన్న అబూ యూసుఫే నిర్బంధించవచ్చునన్నాడు. ఆయన గీసిన హద్దు దాటిన పాలకుని ఆపే సంస్థ ఏదీ లేదు. దైవభీతి ఒక్కటే కాపలా. ఆ కాపలా చాలలేదు. ఆయన మరణించిన 34 ఏండ్లకు, 832లో, ఈజిప్టులో పన్నుల భారానికి తిరగబడిన ప్రజలను అణచడానికి హారూన్ కుమారుడు ఖలీఫా మామూన్ స్వయంగా వెళ్ళవలసి వచ్చింది. తిరగబడినవారిలో కోప్టు క్రైస్తవులూ ఉన్నారు, అరబ్బు ముస్లింలూ ఉన్నారు. అన్యాయమైన పన్ను మతం చూడదు.

హితవు చెప్పే ఖాజీ ఉండడం గొప్ప విషయమే. కాని ఆ హితవును పాలకుడు వినకపోతే, రైతు వెళ్ళి నిలబడగల మరొక గడప కూడా ఉండాలి. అది లేని రాజ్యంలో కాపరి ఎంత మంచివాడైనా, 'రఇయ్యత్' మాటకు మంద అన్న మొదటి అర్థమే మిగులుతుంది.